ఆకాశరామన్న యుత్తరములు: ఒక విమర్శ

తెలుగునాట సంతకము లేని యుత్తరములన్నిటికిని కర్త యొక్కడే. ఆతనికి ఇల్లు లేదు, వాకిలి లేదు, ఊరు లేదు, వంశము లేదు. పేరు మాత్రము కలదు. ఆ పేరు ఆకాశరామన్న. హిందూపురపు చింతపండు మండీలో నొక మూల కూర్చుండియు, ధర్మవరమున మగ్గపుగుంతలో కాళ్లుంచుకొనియు, పెనుకొండలో కోటక్రింది వీథిని దీపము తగ్గించుకొనియు నీతడు వ్రాయుచునే యుండును. ఇంటిపన్ను తగ్గించుటకు గుమాస్తా యడిగిన మొత్తమును గూర్చి వ్రాయును. వితంతువు పింఛనులో నెలనెలకు కోసికొను సొమ్మును గూర్చి వ్రాయును. కాగితముమీద త్రవ్వబడి నేలమీద కనబడని కాలువను గూర్చి వ్రాయును. ఆ యుత్తరము తపాలాపెట్టెలో పడును. ఆవల నేమయ్యెనో వ్రాసినవానికి తెలియదు.

మన పత్రికలలో కావ్యములకు విమర్శ కలదు, నాటకములకు విమర్శ కలదు, పాఠ్యపుస్తకములకు సైతము విమర్శ కలదు. ఇంత విరివిగా వ్రాయబడు నీ రచనకు మాత్రము లేదు. అధికారులు దీనిని చెత్తబుట్టలో వేయుదురు. పెద్దమనుష్యులు పిఱికివాని వ్రాతయని యీసడింతురు. వ్రాసినవారు లోకోపకారము చేసితిమని తృప్తి నొందుదురు. ఈ మూడును తొందరపాటు తీర్పులే. కావ్యమును పరీక్షించునట్లే దీని వస్తువును, శైలిని, ప్రయోజనమును పరీక్షించి చూడవలెనని నా కోరిక. ఇట్లు కోరుటకు నాకు స్వంతకారణ మొకటి కలదు. దానిని తరువాత విన్నవించెదను.

మొదట పేరు దాచుకొనుటను గూర్చి. సత్యము పలుకువానికి భయమేల యని కొంద రనుచుందురు. ఇది పెద్ద పట్టణములలో, పలుకుబడిగల బంధువులు గలవా రనదగిన మాట. చిన్న యూరి సంగతి వేరు. అక్కడ కులధ్రువపత్రమునకు సిఫారసు చేయువారును, పాసుపుస్తకమును కదలించువారును, బియ్యపుకార్డులో పేరు చేర్చువారును ఎవరో నలుగురు. ఒకరిపై నర్జీ పెట్టినవాడు నలుగురి గుమ్మములను మూసికొన్నవాడగును. అందును మన సీమలో కక్షలు తండ్రినుండి కొడుకునకు సంక్రమించిన కాలము మనమెరుగని దూరకాలము గాదు. పేరు బయటపడినచో ముప్పు వ్రాసినవానితో ఆగదు; తమ్మునికిని, బావమఱదికిని తగులును. కూలికి పోయి బిడ్డలను పోషించుకొను స్త్రీతో "ధైర్యముగా సంతకము చేయవమ్మా" యని చెప్పుట మనకు తేలిక. ఆ సంతకమునకు వెల చెల్లించునది మనము గాము, ఆమె. కావున పేరు దాచుకొనినంతమాత్రమున మనిషిని పిఱికివాడనుట న్యాయము గాదు.

అయినను పేరు లేని రచనకొక సహజమైన లోటు కలదు. పేరు చెప్పి మాటలాడువాడు తన మాటకు తానే పూచీ. వినువాడు ఆతని నడవడిని చూచి మాటను తూచుకొనును. పేరు లేనివాని మాటకా పూచీ లేదు. ఆ లోటును వాస్తవములతో పూడ్చవలసి యుండగా మన యాకాశరామన్న తిట్లతో పూడ్చుచున్నాడు. నేను చూచిన యిట్టి యుత్తరములు నాలుగైదింటిలోను వరుస యొక్కటియే. మొదటి పుటలో నిందితుని కులము. రెండవ పుటలో నాతని యింటిగుట్టు. మూడవ పుటలో దేశము పాడైపోవుచున్నదను దుఃఖము. నాలుగవ పుట చివర, కాగితము చాలక, అంచున నిఱికించి వ్రాసిన యొక్క వాక్యములో అసలు సంగతి. చదువు నధికారి రెండవ పుటలోనే ఆగిపోవును. ఆతడు మంచివాడైనను నాగును. ఏలయన పరీక్షింపదగిన మాట యేదియు నంతవరకు నాతని కంటబడలేదు. చెడ్డవాడైనచో మఱింత మేలు. ఇది కులద్వేషముచేత వ్రాసినదని ఫైలుపై వ్రాసి మూసివేయుటకు సాధనము దొరకినది.

ఇక నా కారణము. ఇరువదియేండ్లకు పూర్వము, నేనుపాధ్యాయుడనైన క్రొత్తలో, ఈ మూడు పట్టణముల నడుమనున్న యొక పల్లె పాఠశాలలో పనిచేయుచుంటిని. మధ్యాహ్నభోజనపథకము వచ్చి యెంతో కాలము కాలేదు. హాజరుపట్టీలో దినమునకు 180 మంది పిల్లలు. విస్తళ్లముందు కూర్చుండువారు 120 మందికి మించరు. తలకు 100 గ్రాముల చొప్పున దినమునకు 6 కిలోల బియ్యము, నెలకు 22 పనిదినములైనచో 132 కిలోలు, ఎక్కడికో పోవుచుండెను. ఎక్కడికో ఊరందఱకు తెలియును. నేనొక యుత్తరము వ్రాసి, నలువది మైళ్ల దూరమునకు పోయి, తపాలాపెట్టెలో వేసి వచ్చితిని. సంతకము చేయలేదు.

ఆ యుత్తరమును ఈనాడు విమర్శకుని దృష్టితో చూచినచో సిగ్గు కలుగును. పిల్లల నోటికాడి కూడును తన్నుకొనిపోవు గద్దలని వ్రాసితిని. ధర్మము నాలుగు పాదములును విఱిగినదని వ్రాసితిని. నా చదువు కనబడవలెను గదా. చివర నొక సంస్కృతశ్లోకమును చేర్చితిని. 180 అను సంఖ్యగాని, 120 అను సంఖ్యగాని, ఏ తేదీగాని అందులో లేదు. విచారణకు వచ్చినవారికి విచారించుటకేమియు దొరకలేదు, ఆ శ్లోకము తప్ప. బడిలో శ్లోకము తెలిసినవాడెవ్వడని యడిగిరి. పిల్లలు, పెద్దలు, అందఱును మా తెలుగు పండితులవారి పేరు చెప్పిరి. నాకు సంస్కృతము వచ్చునని అక్కడ నెవ్వరికిని తెలియదు. విరమణకు రెండేండ్లున్న యా వృద్ధునికి మూడు నెలలలో దూరపు మండలమునకు బదిలీ యయ్యెను. బియ్యము యథాప్రకారము పోవుచునే యుండెను. నేను నోరు మెదపలేదు.

దీనినిబట్టి నేను నేర్చుకొన్నది చెప్పెదను. పేరు దాచుకొనుట నా తప్పు గాదు. వాస్తవమును దాచుట నా తప్పు. పేరును, వాస్తవమును రెంటిని దాచిన యుత్తరము గాలిలో వేసిన రాయివంటిది. ఎవరిమీదనో పడక మానదు, దొంగమీదనే పడునను నమ్మకము లేదు. మఱియొక సంగతి. శైలి సంతకమువంటిదే, శ్లోకమును, సామెతను, ఉపమానమును మనిషిని పట్టియిచ్చును, ఒక్కొక్కప్పుడు వేఱొక మనిషిని పట్టియిచ్చును. లెక్కకు మాత్రము ముఖము లేదు. నూటయెనుబదిలో నూటయిరువది పోగా మిగిలినది అరువది యని యెవరు వ్రాసినను నొకటే.

ఈ చిక్కు క్రొత్తది గాదు. మైసూరులో శామశాస్త్రిగారు 1909 లో ప్రకటించిన కౌటిలీయార్థశాస్త్రమున ఉద్యోగులు రాజధనమును హరించు మార్గములు నలువది యని లెక్కింపబడినవి. ఆ ప్రకరణముననే సూచకుని, అనగా అపహరణమును తెలియజేయువానిని గూర్చిన నియమములు కలవు. ఆరోపణము రుజువైనచో హరింపబడిన ధనములో ఆఱవవంతు సూచకునికి బహుమానము. ఆతడు సేవకుడైనచో పండ్రెండవవంతు. రుజువు చేయలేనిచో శిక్ష. రుజువైన పిదప సూచకుడు ఆ సంగతి చెప్పినది తాను గాదని తప్పుకొనుటకును అవకాశమియ్యబడినది. నిందితుని ప్రలోభమునకు లొంగి మాట మార్చుకొన్నవానికి మాత్రము మరణదండనము. ఆ దండనములు మనకు రుచింపవు, రుచింపనక్కఱలేదు. వివేకమును మాత్రము గమనింపుడు. సూచకుని పేరు రాజునకు తెలియును, లోకమునకు తెలియనక్కఱలేదు. కాని సాక్ష్యము లేక యెవ్వడును సూచకుడు కాజాలడు.

పాశ్చాత్యదేశముల కథయు నీ మాటనే బలపఱచుచున్నది. లండనులో 1769 మొదలు 1772 వఱకు ఒక పత్రికలో జూనియస్ అను మాఱుపేరుతో మంత్రులను ఖండించు లేఖలు వెలువడెను. ఆ జూనియస్ ఎవడో నేటికిని నిస్సందేహముగా తేలలేదు. తరువాత వంగదేశమునకు వచ్చి వారన్ హేస్టింగ్సుతో కలహించిన ఫిలిప్ ఫ్రాన్సిసే యని పెక్కుమంది నమ్మిక. ఆ లేఖల కీర్తియంతయు నా యజ్ఞాతునికే దక్కినది. కాని న్యాయస్థానమున నిలువబడినవాడు ఆతడు గాడు. పత్రిక నచ్చొత్తించిన వుడ్‌ఫాల్ అనువాడు. రాజునుద్దేశించిన లేఖకై 1770 లో నాతనిపై విచారణ జరిగెను. అచ్చొత్తించి ప్రకటించుట మాత్రమే యాతని పనియని జూరీవారు తీర్పు చెప్పగా, ఆ తీర్పుతో ప్రభుత్వమువా రాతనిని శిక్షింపలేకపోయిరి. జూనియస్ శైలి గొప్పదే. అయినను ఆతడును ప్రధానమంత్రి యింటిగుట్టులోనికి దిగి, చదువరులకు వినోదము గూర్చుట మానలేదు. ఆ భాగములవలన రాజ్యమున కొరిగిన మేలు నాకు కనబడుట లేదు. నేనెక్కువ గౌరవించువాడు వుడ్‌ఫాల్. పేరు లేని మాటకు పేరుగల మనిషి యొకడు భుజము పట్టినగాని అది లోకమున నిలువదు.

మన చరిత్రలోను భుజము పట్టినవారు కలరు. మదరాసులో తెలుగు వర్తకుడైన గాజుల లక్ష్మీనరసు శెట్టిగారు 1844 లో క్రెసెంటు పత్రికను స్థాపించి, కంపెనీ పరిపాలనలో రెవిన్యూ యుద్యోగులు శిస్తు రాబట్టుటకు రైతులను పెట్టు హింసలను వెల్లడించిరి. 1853 లో వచ్చిన పార్లమెంటు సభ్యుడు డాన్బీ సీమూరునకు గ్రామముల స్థితిని చూపించిరి. తరువాత నేర్పడిన హింసావిచారణసంఘము 1855 లో నివేదిక సమర్పించినది. ఆ సంఘము నెదుటికి కొందరు రైతులు స్వయముగా వచ్చిరి, మఱికొందఱు ఉత్తరములు పంపిరి. చిన్న యుద్యోగియెదుట నోరెత్తలేని రైతు దూరమున వినువాడొకడు కలడని తెలిసినప్పుడు మాటలాడెను. కందుకూరి వీరేశలింగముగారు 1874 లో వివేకవర్ధనిని ఆరంభించి న్యాయస్థానములలోని లంచములను, కూటసాక్ష్యములను బయటబెట్టిరి. ప్లీడరు నాటకమని పేరుపొందిన వ్యవహారధర్మబోధినిలో వ్యక్తుల పేర్లెత్తక వృత్తిలోని కుళ్లును చూపిరి. పత్రికపై నున్న పేరు వారిది. కోపము వచ్చినవారందఱకును ఇల్లు తెలిసిన మనిషి. వారును మావలె బడిపంతులే యని తలచుకొన్నప్పుడు నాకు గర్వమును, లజ్జయు నొక్కసారే కలుగును. నాటి మన జిల్లాలోనే 1926 లో పప్పూరు రామాచార్యులుగారు అనంతపురమున శ్రీ సాధన పత్రికను స్థాపించి, ఈ కఱవుసీమ మొఱను అచ్చులో నిలిపిరి. నాటి ముద్రణచట్టము, 1867 నాటిది, ప్రతి పత్రికపైనను ముద్రాపకుని పేరును, ప్రకాశకుని పేరును ఉండవలెనని విధించెనేకాని వ్యాసకర్త పేరుండవలెనని విధింపలేదు. ఎవరో యొకరు పూచీపడవలెను. అది వ్రాసినవాడే కానక్కఱలేదు.

నేటి ప్రభుత్వములును ఈ సూత్రమును సగము గ్రహించినవి. కేంద్రనిఘాసంఘమువారు 1999 లో సంతకము లేని ఫిర్యాదులపై చర్య తీసికొనవలదని యుత్తరువు చేసిరి. కక్షతో వ్రాయబడు నుత్తరములు మంచి యుద్యోగులను వేధించుచున్నవన్నది వారు చెప్పిన కారణము, అది నిజమే. కాని పేరు వ్రాసినవానికి రక్ష యేది? సత్యేంద్ర దూబే యను యువ ఇంజనీరు జాతీయరహదారుల నిర్మాణములోని అక్రమములను గూర్చి 2002 లో ప్రధానమంత్రికి లేఖ వ్రాసెను. తన పేరు గుప్తముగా నుంచుడని కోరెను. పేరుతోనే ఆ లేఖ కార్యాలయములు తిరిగెను. 2003 నవంబరు 27 న గయలో నాతడు తుపాకిగుండుకు బలియయ్యెను. దోపిడిగాండ్ర పని యని దర్యాప్తు చేసినవారు తేల్చిరి. 2010 లో ముగ్గురకు శిక్ష పడెను. చంపినవా రెవరైనను, రహస్యమును కాపాడుమని ప్రార్థించినవాని పేరును ప్రభుత్వకార్యాలయములే వీథిని పడవేసిన మాట నిలిచియే యున్నది.

ఆ దుఃఖమునుండి పుట్టినదే 2004 నాటి ప్రజాహితవెల్లడి తీర్మానము. దానినిబట్టి ఫిర్యాదుదారుడు తన పేరును మూసిన కవరులో నిఘాసంఘమునకు మాత్రమే తెలుపును. సంఘమువారు దానిని తొలగించి విషయమును మాత్రమే విచారణకు పంపుదురు. రాజునకు తెలియును, లోకమునకు తెలియదు. ఇది కౌటిల్యుని మాటయే. కాని యీ తీర్మానము కేంద్రప్రభుత్వోద్యోగులకు, కేంద్రసంస్థలకు సంబంధించినది. మన పంచాయతీ గుమాస్తాగాని, పురపాలకసంఘపు ఇంజనీరుగాని దాని పరిధిలోనికి రాడు. రాష్ట్రోద్యోగులనుగూడ చేర్చుకొన్న సూచకరక్షణచట్టము 2014 లో రాష్ట్రపతి యామోదము పొందియు అమలులో పెట్టబడలేదు. కొండంత సొమ్మును గూర్చి చెప్పువానికి కవరు కలదు. నెలకొక నూరురూపాయలు పోగొట్టుకొను పింఛనుదారునకు లేదు. పెద్ద దొంగతనముకంటె నీ చిన్న దొంగతనమే ప్రతి గృహమును తాకునది.

అట్లయినచో చిన్న యూరివా రేమి చేయవలెను? పేరు దాచుటకు ఆకాశముకంటె మంచి చోటొకటి కలదు. అది గుంపు. 2006 ఫిబ్రవరి 2 న అనంతపురము జిల్లాలోని నార్పల మండలము బండ్లపల్లిలో ఉపాధిహామీపథకము దేశమున ప్రప్రథమముగా ప్రారంభింపబడెను. ఆ సంవత్సరముననే ఆ జిల్లాలో సామాజికతనిఖీ పెద్దయెత్తున జరిగెను. కూలివారి పిల్లలే మస్టరుపట్టీలను చేతబట్టి యింటింటికి పోయి, నీవిన్ని దినములు పనిచేసితివట, ఇంత కూలి పుచ్చుకొంటివట, నిజమేనా యని యడిగిరి. పిదప మండలసభలో దానిని బిగ్గరగా చదివిరి. చచ్చినవారు మన్ను మోసినట్లును, ఊరు విడిచినవారు గుంత త్రవ్వినట్లును వ్రాసిన పట్టీలు ఇట్టి సభలలోనే బయటపడెను. అక్కడ ఫిర్యాదుదారుడని యొక్కని వ్రేలెత్తి చూపుటకు వీలు లేదు, పట్టీయే ఫిర్యాదుదారు. ఈ పద్ధతిలో లోపములు లేకపోలేదు. తేలిన సొమ్ములో తిరిగి వసూలైనది కొద్దిభాగమే. తేల్చుట ప్రజల వంతు, వసూలు చేయుట కార్యాలయముల వంతు కావుటయే దీనికి కారణము. అయినను ఒంటరివాని గుసగుసను సభలో చదువదగిన లెక్కగా మార్చిన మేలు దానిది.

2005 నాటి సమాచారహక్కుచట్టమును ఈ తెరగుననే వాడుకొనవచ్చును. మన రాష్ట్రమున గ్రామస్థాయి కార్యాలయములలో దరఖాస్తునకు రుసుము లేదు. మండలస్థాయిని 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. ఎందుకడుగుచున్నావని యడుగుటకు అధికారికి హక్కు లేదు. దరఖాస్తుపై పేరును, చిరునామాయు వ్రాయవలసియుండుట నిజమే. ఒంటరిగా నడిగి చిక్కుల పాలైనవారును కలరు. అందుచేత ఊరిలో అడుగదలచినవారు పదిమంది వేర్వేఱుగా, ఒకే కాగితమును, ఒకే వారమున అడుగుట మేలు. పొదుపుసంఘపు స్త్రీలు ఈ విషయమున పురుషులకంటె సమర్థులు. లెక్కపుస్తకమును చూచుట వారికి వారము వారము అలవాటు. పదిమందితో కూడి కూర్చుండుటయు నలవాటు.

క్రిందటి సంవత్సరము నా పూర్వవిద్యార్థి యొకడు, నేతవారి పిల్లవాడు, రాత్రివేళ మా యింటికి వచ్చి నాలుగు పుటల కాగితము నా చేతిలో పెట్టెను. "అయ్యవారూ, తప్పులు దిద్ది యివ్వండి. పేరు వ్రాయలేదు" అనెను. చదివితిని. కులము, ఇంటిగుట్టు, దేశదుఃఖము, వరుస తప్పకుండ నున్నవి. నాలుగవ పుట యంచున, తమ వీథిలో నొకే మురుగుకాలువకు రెండేండ్లలో రెండుమాఱులు బిల్లయినదని వ్రాసియుండెను. "నాయనా, ఈ యొక్క వాక్యమును ఉంచి తక్కినది చింపివేయుము" అంటిని. వాని ముఖము చిన్నబోయెను. తిట్లు వ్రాయుటకే రెండు రాత్రులు పట్టినవట. "తిట్టకపోతే కోపమెట్లా తెలుస్తుంది, అయ్యవారూ?" అనెను. కొలతపుస్తకపు నకలు చేతికి వచ్చినప్పుడు వారికే తెలియునని చెప్పితిని. వాని వీథివారు పదునొకండుమంది దరఖాస్తులు పెట్టిరి. నెల దాటిన పిదప, మొదటి యప్పీలుకు పోయిన మీదట, నకలు వచ్చినది. రెండు బిల్లులలోను కాలువ పొడవొకటే, తేదీలు వేఱు. విచారణ యింకను సాగుచున్నది. ఫలమేమగునో చెప్పజాలను. కాని యీసారి విచారించుటకు వస్తువు కలదు. శ్లోకము తెలిసిన వృద్ధు లెవ్వరును భయపడనక్కఱలేదు.

కావున చదువరులకు నా మనవి యిది. కలము పట్టకముందు తేదీని, మొత్తమును, స్థలమును, కాగితపు సంఖ్యను ప్రక్కన వ్రాసికొనుడు. అవి లేనిచో వ్రాయకుడు. ముందు వానిని సంపాదింపుడు. ఉద్యోగిని గూర్చి వ్రాయుడు, ఆతని యింటిని గూర్చి వ్రాయకుడు. కన్నదానిని, విన్నదానిని వేఱుచేసి చెప్పుడు. మీ యుత్తరమువలన మీరుగాక మఱియెవ్వరు అనుమానింపబడుదురో ముందుగా నాలోచింపుడు. పేరు దాచుకొనక తప్పదేని దాచుకొనుడు. కాని భుజము పట్టువానిని, పత్రికాసంపాదకుడో, న్యాయవాదియో, పదిమంది యిరుగుపొరుగువారో, ఒకరిని వెదకికొనుడు. అట్టివాడు తమ యింటికి వచ్చినప్పుడు తలుపు వేయకుండుట చదువుకొన్న గృహస్థుల వంతు.

మా పండితులవారు నాలుగేండ్ల క్రిందట పరమపదించిరి. ఆ యుత్తరము నాదని వారి బ్రదుకునాళ్లలో నేను చెప్పలేదు. వారికి తెలియునేమో యని యొకటి రెండుమాఱు లనుమానము కలిగినది, వారు నన్నడుగలేదు. ఈ వ్యాసమును సంపాదకులవారికి నా పేరును, ఊరును, చిరునామాను వ్రాసియే పంపుచున్నాను.